కాడికి కట్టినట్టా, ఉప్పు కలిసినట్టా

రీసర్వే మా మండలానికి వచ్చిన ఏడాది, మార్చి రెండో వారంలో, సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతల ఉన్న ఒక వరి పల్లెకు నన్ను పంపారు. అప్పుడు నా హోదా మండల సర్వేయరు. నా కింద ఊరికొకరు చొప్పున గ్రామ సర్వేయర్లు, నా పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. ఆయన పైన ఇంకా ఎంతమంది ఉన్నారో వాళ్ల ఫోన్లు వచ్చినప్పుడే తెలిసేది. నెలాఖరుకు ఆ పల్లెను 'క్లోజ్' చేయాలని ఉత్తర్వు. అంటే ప్రతి కమతానికీ కొత్త నంబరు పడి, కొత్త పటం తయారై, ఇక వేలు పెట్టడానికి వీల్లేని స్థితికి రావాలి.

ఈ శాఖలో నేను గొలుసుతో కొలిచే రోజుల్లో చేరాను. మోకాళ్లు మొరాయించి యాభై ఆరో ఏట స్వచ్ఛందంగా దిగిపోయేనాటికి గొలుసు పోయి రోవరు వచ్చింది. రోవరంటే మనిషెత్తు కర్ర, దాని నెత్తిన పుట్టగొడుగు లాంటి యంత్రం. కర్రను ఎక్కడ నిలబెడితే ఆ చోటు భూమ్మీద ఎక్కడుందో రెండు వేళ్ల తేడాతో చెబుతుంది. పనిముట్లు మారాయి గానీ మా పని మారలేదు. ఇద్దరు రైతులు చెరో గడ్డపార పట్టుకొని నిలబడి ఉంటారు, మధ్యలో మనం ఉంటాం. అలాంటప్పుడు కొలత కన్నా మాట ముందు పనిచేస్తుంది. నాకు మాట ఉండేది. "మైపాడు దగ్గర సముద్రానికి గొలుసేసినాను. పోటుకు ఎకరా పెరిగింది, ఆటుకు ఎకరా తగ్గింది. ఆఫీసులో రెంటికీ సగటు రాసుకున్నారు" అని మొహంలో గీత కదలకుండా చెప్పేవాణ్ణి. గడ్డపారలు కిందికి దిగేవి. 'కథల సర్వేయరు' అని చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు. ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కల్పించింది కాదు. కల్పించేదే అయితే ముగింపు ఇంకోలా పెట్టేవాణ్ణి.

ముందు పని ఎలా జరిగేదో చెప్పాలి. డ్రోన్ ఎగిరి ఊరి పొలాలన్నిటినీ ఫోటో తీస్తుంది. ఎక్కడో గదిలో కూర్చున్నవాళ్లు ఆ ఫోటోలో కనిపించిన గట్ల మీద గీతలు గీసి, ముసాయిదా పటం మాకు పంపుతారు. మేము దాన్ని పట్టుకొని పొలానికి పోయి, రైతును పిలిచి, గీత సరిగా ఉందో లేదో నేల మీద చూడాలి. తేడా ఉంటే రోవరు పెట్టి కొలిచి దిద్దాలి. దిద్దాక రైతు సంతకం తీసుకోవాలి.

ఈ దిద్దుబాట్లలో మూడు ఇంగ్లీషు మాటలు రోజూ మా నోట నానేవి. మూడింటికీ తెలుగులో 'కలపడం' అనే చెప్పేవాళ్లం. చిక్కంతా అక్కడే ఉంది. ఒకటి లింక్. పాసుపుస్తకానికి ఆధారును లింక్ చేస్తాం. రెండూ వేటికవే ఉంటాయి, ఒకటి రెండోదాని పేరు చెబుతుంది, అంతే. రెండోది క్లబ్. ఒకే విషయం మీద రెండు ఫైళ్లు నడుస్తుంటే రెంటికీ ఒకే ట్యాగు వేసి కట్టేస్తాం. విషయం తేలాక ట్యాగు విప్పితే ఏ ఫైలుకు ఆ ఫైలు. మూడోది మెర్జ్. కంప్యూటర్‌లో పటం మీద పక్కపక్కన ఉన్న రెండు ముక్కలను ఎంచుకొని మెర్జ్ నొక్కితే మధ్య గీత పోతుంది, రెండు ముక్కలూ ఒక ముక్కవుతాయి, దానికి ఒకే నంబరు పడుతుంది. హక్కుదారులిద్దరి పేర్లూ దాని కింద ఉంటాయి. ఎవరికెంతో ఉంటుంది. ఎవరిది ఎక్కడో ఉండదు. ఆ మాటకు మూలార్థం నీళ్లలో ముంచడమని తరవాతెప్పుడో ఆఫీసు బీరువాలోని పాత నిఘంటువులో చూశాను. ముందే చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. అప్పట్లో మా నోట అది ఈగను తోలినంత తేలికైన మాట. 'ఆ రెండూ మెర్జ్ కొట్టేయి' అనేవాళ్లం.

ఆ పల్లెలో ఎకరా నలభై సెంట్ల కయ్య ఒకటి ఉంది. వరి మడిని మా వైపు కయ్య అంటారు. తండ్రి పోయేముందు పెద్దకొడుక్కీ చిన్నకొడుక్కీ చెరి డెబ్భై సెంట్లు నోటిమాటగా పంచి, మధ్యన గట్టు వేయించాడు. పాసుపుస్తకాలు ఇద్దరికీ వేరువేరుగా వచ్చాయి గానీ, సర్వే నంబరు ఒకటే. పాత పటంలో మధ్య గీత లేదు. ఆ పంపకానికి దస్తావేజు ఏదైనా ఉందంటే, అది ఆ గట్టే. పెద్దకొడుకు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య రమణమ్మ తన డెబ్భై సెంట్లను తనే చేసుకుంటూ వచ్చింది. నారు పోసేది ఆమె, నాటేది ఆమె, రేత్రి తప్ప నీళ్ల వంతు రాని కాలవ దగ్గర కాపలా ఉండేదీ ఆమే. రెండో సగం మరిది సుబ్బరామయ్యది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. వరికోత మిషను వచ్చే వారం ముందు, పక్కపక్కన ఉన్న చుట్టాలు మధ్య గట్టును కొట్టేస్తారు. చిన్న కయ్యలో మిషను తిరగడానికి చోటుండదు, మలుపుల్లో వెన్ను నలిగిపోతుంది. గట్టు లేకపోతే ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఊపులో పోతుంది. కోతయ్యాక, మళ్లీ నాట్లకు బురద దున్నే దమ్ములకు ముందు, ఇద్దరూ కలిసి గట్టు వేసుకుంటారు. గుర్తు కోసం గట్టు ఒక కొసన పగిలిన రోలు సగం పాతిపెట్టి ఉండేది, రెండో కొసన తాటిమొద్దు. ఏటా కొట్టడం, ఏటా వేయడం. ఎవరికీ ఎప్పుడూ జానెడు తేడా రాలేదట.

మా డ్రోన్ సరిగ్గా ఆ రెంటి మధ్య రోజుల్లో ఎగిరింది. ఫోటోలో గట్టు లేదు. కోత మిషను చక్రాల జాడ ఒకటి ఏటవాలుగా కనిపించింది. గదిలో కూర్చున్నవాళ్లు దాన్నే గట్టనుకొని గీత గీశారు. ముసాయిదాలో సుబ్బరామయ్యకు ఎనభై రెండు సెంట్లు వచ్చింది, రమణమ్మకు యాభై ఎనిమిది.

మేము పోయేసరికి రమణమ్మ రోలు పక్కన నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చెంగు నడుముకు దోపుకొని, ఎండలో కళ్లు చికిలించి. "పన్నెండు సెంట్లు యాడికి పోయినయి సార్? మీ యంత్రం తినిందా?" అని అడిగింది.

"యంత్రానికి పళ్లు లేవు రమణమ్మా, మింగి ఉంటాది" అన్నాను. సుబ్బరామయ్య నవ్వాడు. అతను మంచివాడో చెడ్డవాడో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం అతని మనసులో ఏమీ లేదనే నా నమ్మకం. "ఒదినకు డెబ్భై, నాకు డెబ్భై. అందులో మాటే లేదు. దమ్ములకు ముందు గట్టు ఎట్టాగూ ఏసుకుంటాం" అన్నాడు.

దీన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి. రోలు దగ్గర రోవరు పెడితే గట్టు ఒక కొస దొరుకుతుంది. తాటిమొద్దును మిషను ఈడ్చుకుపోయింది కాబట్టి రెండో కొస లేదు. అయినా ఒక కొస తెలిస్తే, డెబ్భై సెంట్లు వచ్చేలా లెక్క కట్టి రెండోది తీయవచ్చు. ఈ మాట నాకు చెప్పింది ఆ ఊరి గ్రామ సర్వేయరు మాధవి. ఇద్దరు బిడ్డల తల్లి, పనిలో నా కన్నా నిదానం. "ఒక పూట పని సార్. నేను చేస్తాను" అంది.

నా దగ్గర ఒక పూట లేదని అనుకున్నాను. మండలానికి మూడు రోవర్లు ఉంటే ఒకదాని బ్యాటరీ నిలవడం లేదు. సాయంత్రం ఆరింటికి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి 'ఈరోజు ఎన్ని అయినాయి' అని అడుగుతాడు. ఎలా అయినాయని ఆయన ఏనాడూ అడగలేదు. రెండో దారి మెర్జ్. తప్పు గీతను తీసేసి రెంటినీ ఒకటి చేస్తే పన్నెండు సెంట్ల పేచీ ఉండదు, పది నిమిషాల్లో పక్క పొలానికి పోవచ్చు.

"రోలును నమ్మొద్దు మాధవీ. మా ఊళ్లో ఒక రోలు, పిండి రుబ్బలేక పొరుగింటికి పారిపోయింది" అన్నాను. అందరూ నవ్వారు. రమణమ్మ కూడా నవ్వింది. మాధవి నవ్వలేదు. ఆమె రోలు దగ్గరికి పోయి ఏదో చేసుకుంటోంది, నేను పట్టించుకోలేదు.

"రెంటినీ మెర్జ్ చేస్తే సరిపోతుంది" అన్నాను.

"చేసేయండి సార్, నాకేం అభ్యంతరం" అన్నాడు సుబ్బరామయ్య.

రమణమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "మెర్జ్ అంటే ఏంది సార్?" అంది.

"కలపడం."

"కలపడమంటే ఎట్టా? రెండెడ్లను కాడికి కట్టినట్టా, ఉప్పును నీళ్లల్లో ఏసినట్టా?"

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆ మాట అర్థాన్ని అంత సూటిగా అడిగినవాళ్లు లేరు. శిక్షణ తరగతుల్లో మేమూ అడగలేదు. జవాబు నాకు తెలుసు. ఉప్పును నీళ్లల్లో వేసినట్టే. కానీ ఆ మాట అంటే ఆమె సంతకం పెట్టదు. అందుకని క్లబ్‌కు చెప్పాల్సిన అర్థం తీసి మెర్జ్‌కు చెప్పాను.

"ఎడ్లను కాడికి కట్టినట్టే. కాడి తీస్తే నీ ఎద్దు నీది, ఆయన ఎద్దు ఆయనది."

ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది. అప్పుడు నాకు అలవాటైన పని చేశాను. ఆకాశం వైపు చెయ్యెత్తి చూపించాను. "సూళ్లూరుపేట అవతల నుంచి రాకెట్లు పోతాయే, చూసినావు కదా? అవి ఊరికే పోతాయనుకున్నావా? పైన కూర్చోని మన గట్లన్నీ చూసి రాసుకుంటాయి. నువ్వు నిరుడు యాడ కాలు పెట్టి బురద తొక్కినావో కూడా దానికి తెలుసు. నువ్వు మర్చిపోయినా అది మర్చిపోదు. రేపు గట్టు కావాలంటే అదే చెప్తాది."

రమణమ్మ పైకి చూసింది. కాగితం తీసుకొని సంతకం పెట్టింది. వంకరగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. ఆ సాయంత్రం ఆఫీసులో రెండు ముక్కలనూ ఎంచుకొని నేనే నొక్కాను. ఖాయమేనా అని కంప్యూటర్ అడిగింది. ఖాయమే అన్నాను. నెలాఖరుకు పల్లె క్లోజ్ అయింది. మా మండలం మొదటి వరసలో ఉందని పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

ఆ ఏడు కాలవకు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. దమ్ములు వెనకబడ్డాయి, గట్టు వేయడమూ వెనకబడింది. ఈలోగా రొయ్యల గుంటలు తవ్వేవాళ్లు ఆ పక్కకు వచ్చారు. ఎకరా దాటిన చెక్క అయితేనే గుంటకు పనికొస్తుందని వాళ్ల మాట. సుబ్బరామయ్య కయ్యకు కొత్త నంబరు ఒకటే, విస్తీర్ణం ఎకరా నలభై. రమణమ్మను అడక్కుండానే అతను కౌలుకు ఒప్పుకున్నాడు. రమణమ్మ చెల్లెలి కూతురి కాన్పుకని సూళ్లూరుపేట పోయి పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి పొక్లెయినర్లు పని ముగించుకొని పోయాయి. నాలుగు పక్కలా ఎత్తైన కట్ట, మధ్యలో ఉప్పుటేటి నుంచి తోడిన నీళ్లు.

ఆమె మరిదిని నిలదీసింది. ఆ రోజు అతను అన్న మాట ఆమె నాకు రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ అవే అక్షరాలు. "నీ డెబ్భై సెంట్లు నేనేం తినలేదొదినా. యాడుందో చూపించు, ఇచ్చేస్తా."

కౌలులో సగం ఇస్తానన్నాడట. తనకు కౌలు వద్దు, కయ్య కావాలంది. పాసుపుస్తకం తీసి చూపించింది. అందులో డెబ్భై సెంట్లని ఉంది, నంబరు ఉంది. అది గుంటలో ఏ పక్కదో లేదు.

ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కోపం లేదు, అరుపు లేదు. పైన ఎవరో నెమ్మదస్తుడైన అధికారి ఉన్నట్టు, ఆయన్ను నాకు గుర్తు చేస్తున్నట్టు అడిగింది: "ఆ పైనున్నదాన్ని ఒక్కసారి అడగండి సార్. నా గట్టు యాడ ఉండిందో దానికి తెలుసన్నారు కదా."

నేను తల దించుకొని ఫైలు వెతుకుతున్నట్టు నటించాను. నా కట్టుకథల్లో ఒక్కదాన్ని ఒక మనిషి నిజంగా నమ్మి, దాని మీద బరువంతా వేసి నిలబడింది.

మెర్జ్ చేసినదాన్ని విడదీయడానికి ఒక దరఖాస్తు ఉంది. దాని మీద ఉమ్మడి హక్కుదారులందరూ సంతకం చేయాలి. సుబ్బరామయ్య చేయనన్నాడు. నేను డిప్యూటీ ఇన్‌స్పెక్టరుకు నివేదిక రాశాను. నేల మీద సరిచూడకుండా, అర్థం తప్పు చెప్పి సంతకం తీసుకున్నానని నా చేత్తోనే రాశాను. రెండు వారాలకు అది తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఒక వాక్యం: 'ఉమ్మడి దరఖాస్తు జతపరచి తిరిగి పంపవలెను.' దానితోబాటు నాకొక మెమో. మెమోకు జవాబు రాయడం సులువుగానే అయింది.

అప్పుడు మాధవి తన నోటుపుస్తకం తెచ్చింది. ఆ రోజు నేను రోలు మీద జోకు వేస్తున్నప్పుడు ఆమె రోలు మీద రోవరు నిలిపి, ఆ చోటు అంకెలు రాసి పెట్టుకుంది. "అలవాటు సార్" అంది.

రమణమ్మను తీసుకొని ముగ్గురం గుంట దగ్గరికి పోయాం. మాధవి ఆ అంకెలు యంత్రానికి ఇచ్చి కట్ట మీద నడిచింది. ఒకచోట ఆగి, చెయ్యి చాపి, నీళ్ల మీదికి చూపించింది. రోలు ఉండిన చోటు అదే, గట్టు అక్కడి నుంచి నీళ్లున్న వైపు పోయేది. ఆ వరసలో ఇప్పుడు ఏరేటర్ తిరుగుతోంది. రొయ్యలకు గాలి అందించే చక్రం అది, నీళ్లను కొట్టి నురగ లేపుతుంది. రోలు ఎప్పుడో కట్టలోకి పోయి ఉంటుంది.

కట్ట మీద రేకుల షెడ్డు ముందు కూర్చున్న సుబ్బరామయ్యను పిలిచాను. యాడుందో చూపించమన్నాడు కదా. చూపించాం. ఇక్కడి నుంచి అటు మీ ఒదినది అన్నాను. అతను నా వైపు, నీళ్ల వైపు చూశాడు. "సరే సార్. దిగి గట్టు ఏసుకోమనండి" అన్నాడు. ఎగతాళికి అన్నాడో, అతనికీ ఇక దారి లేదని అన్నాడో, నాకు అర్థం కాలేదు. తవ్వినవాళ్లకు అతను ఐదేళ్ల కౌలుకు రాసిచ్చి ఉన్నాడు.

కోర్టు ఒకటుందని రమణమ్మకు చెప్పాను. సాక్ష్యానికి నేను వస్తానన్నాను. "మీరొచ్చి ఏం చెప్తారు సార్?" అంది.

తిరిగి వచ్చే దారిలో ఉప్పు కొఠార్లు తగిలాయి. మళ్లల్లో నీళ్లు ఎండి, ఉప్పు తెల్లగా పేరి ఉంది. ఆమె అక్కడ ఒక్క క్షణం ఆగింది. "ఉప్పయినా ఎండబెడితే తిరిగొస్తాది సార్" అంది. అని నడిచింది. ఆ తరవాత నాతో ఆమె మాట్లాడలేదు.

ఇప్పుడు ఆమె తోటపల్లి గూడూరు వైపు ఒక షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి పోతోందని మాధవి చెప్పింది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టాలి. ఆ రొయ్యలు ఏ గుంటవో ఎవరూ అడగరు. రేపు కౌలు గడువు తీరి, గుంట ఎండగట్టి, సుబ్బరామయ్య మనసు మార్చుకున్నా, ఉప్పెక్కిన ఆ నేలలో వరి పండడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పగలిగినవాళ్లు మా శాఖలో లేరు.

నేను దిగిపోయింది ఈ సంగతి వల్ల కాదు. మోకాళ్ల వల్లే. కొత్తగా చేరే సర్వేయర్లకు మాటలు చెప్పమని అప్పుడప్పుడు పిలుస్తుంటారు. సముద్రాన్ని కొలిచిన కథ చెప్పమంటారు. అది మానేశాను. దాని బదులు రెండు సంగతులు చెబుతున్నాను. కలపడానికి సర్వేయరు వేలు ఒకటి చాలు. విడదీయడానికి ఇద్దరి సంతకాలు కావాలి, ఆ రెండోది మన చేతిలో ఉండదు. అందుకని మెర్జ్ నొక్కే ముందు, దాని అర్థం రైతుకు ఉప్పూ నీళ్ల లెక్కలోనే చెప్పండి. రైతు ఒప్పుకోకపోతే అది ఆ మాట అర్థమైనట్టే లెక్క. రెండోది, రైతు పగిలిన రోలు చూపిస్తే ముందు దాని మీద రోవరు నిలపండి. ఒక పూట పడుతుంది.